ఊడేదాన్ని నమ్మకండి, ఊడనిదాన్ని అడగండి



ఆర్టీఏ ఆఫీసు దగ్గర ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. ఒక పాత బండి చేతులు మారుతోంది. ఏజెంటు చిన్న కాగితం ముక్క, ఒక పెన్సిల్ పట్టుకుని బండి కిందికి వంగుతాడు. చాసిస్ మీద నంబరు చెక్కి ఉన్న చోట కాగితాన్ని అదిమిపట్టి, పెన్సిల్‌తో అడ్డంగా రుద్దుతాడు. నల్లటి గీతల మధ్య తెల్లగా ఒక్కొక్క అంకె బయటపడుతుంది. బండి రంగు మారి ఉండవచ్చు. సీట్లు మారి ఉండవచ్చు. ఇంజనే మారి ఉండవచ్చు. వాటిని బట్టి గుర్తింపు తేలదు. బండి ఏదో తేల్చేది ఆ పెన్సిల్ గీతల మధ్య తేలిన అంకెలే. ఈ చిన్న పనినే కాస్త పెద్దగా ఊహించుకోండి. బండి స్థానంలో ఎనభై ఏళ్ళనాటి మిలిటరీ జీపునో, ముప్పై టన్నుల యుద్ధ ట్యాంకునో పెట్టండి. అది ఎవరిది? ఏ యుద్ధం చూసింది? ఇక్కడికి ఎలా వచ్చింది? ఈరోజు మన ముచ్చట ఆ ప్రశ్నల గురించే. నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట. పాత సైనిక వాహనం గుర్తింపు దాని రంగులో లేదు, దాని గురించి చెప్పే కథలో లేదు. దాని మీద ఊడిరాని చోట చెక్కిన నంబరులో ఉంది. ఆ నంబరును చేతి నుంచి చేతికి మోసుకొచ్చిన కాగితాల్లో ఉంది. వాహనాన్ని కాపాడి కాగితాన్ని పారేసేవాళ్ళు సగమే కాపాడినట్టు.

ముందు ఒక ఉదాహరణ చూద్దాం. అమెరికాలో సాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన పోర్టోలా వ్యాలీ అనే చోటుంది. మన తెలుగువాళ్ళు ఎందరో ఉండే బే ఏరియాలోనే అది. అక్కడి కొండల్లో జాక్ లిటిల్‌ఫీల్డ్ అనే ఆయన తన సొంత ఎస్టేట్‌లో రెండు వందలకు పైగా సైనిక వాహనాలు కూడబెట్టారు. చిన్నప్పుడు ట్యాంకుల బొమ్మలు కట్టిన పిల్లాడు, పెద్దయ్యాక అసలు ట్యాంకులే తెచ్చుకున్నాడన్నమాట. ఊరికే తెచ్చి షెడ్లో నిలబెట్టలేదు. సొంత వర్క్‌షాపు పెట్టి, నిపుణులను పెట్టుకుని, తుప్పు పట్టినవాటిని మళ్ళీ నడిచేలా చేయించారు. పోలాండ్‌లో ఒక నదిలోంచి పైకి తీసిన జర్మన్ పాంథర్ ట్యాంకు వాటిలో ఒకటి. దాన్ని బాగుచేయడానికి ఏళ్ళు పట్టింది. ఆయన 2009 జనవరిలో చనిపోయారు. తరువాత 2013లో ఆ సేకరణ కాలింగ్స్ ఫౌండేషన్ అనే సంస్థకు చేరింది. వాళ్ళు ముఖ్యమైన కొన్నింటిని ఉంచుకున్నారు. మిగిలినవాటిని 2014 జూలైలో వేలం వేశారు. ఆ డబ్బు మ్యూజియం కట్టడానికి. ఆ మ్యూజియం మసాచుసెట్స్‌లోని హడ్సన్‌లో 2019లో తెరిచారు. పాంథర్ ఇప్పుడు అక్కడుంది. వేలంలో పోయినవి మాత్రం ఎవరి దారిన అవి వెళ్ళాయి. ఒకే కప్పు కింద ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడ్డ వాహనాలు రెండు రోజుల్లో చెదిరిపోయాయి. ఉమ్మడి కుటుంబం వేరుపడ్డట్టే అనుకోండి. ఇలా వేరుపడ్డప్పుడు ఇంట్లో ఇత్తడి బిందెలు ఎవరి వాటాకు ఏవి వచ్చాయో అందరికీ గుర్తుంటుంది. తాతగారి డైరీ ఎవరింటికి పోయిందో ఎవరికీ గుర్తుండదు. సేకరణలు విడిపోయినప్పుడూ అంతే. ఇనుము ఎక్కడో ఒకచోట బతుకుతుంది. ముందు చెదిరిపోయేది కాగితం.

సరే, కాగితం పోయింది. వాహనం ఒక్కటే మిగిలింది. అప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? మనందరికీ తెలిసిన జీపుతో మొదలుపెడదాం. మన ఊళ్ళలో పాత జీపు కనిపిస్తే చాలు, ఇది రెండో ప్రపంచ యుద్ధంనాటిదండీ అంటారు. చాలాసార్లు కాదు. ముందు దాని ముఖం చూడండి. రేడియేటర్ ముందుండే జాలీలో నిలువు సందులు లెక్కపెట్టండి. యుద్ధకాలంలో తయారైన మామూలు జీపుకు తొమ్మిది సందులుంటాయి. యుద్ధం తరువాత జనం కోసం చేసిన జీపులకు ఏడు. హెడ్‌లైట్లు చూడండి. యుద్ధకాలపు జీపులో అవి చిన్నవి, జాలీ వెనకాల లోపలికి ఉంటాయి. పైగా ఒక మరను వదులు చేస్తే ఆ లైటు వెనక్కి తిరుగుతుంది. చీకట్లో ఇంజన్ రిపేరు చేసుకోవడానికి ఆ ఏర్పాటు. తరువాతి జీపులకు హెడ్‌లైట్లు పెద్దవి, కళ్ళు మిటకరించినట్టు ముందుకు ఉంటాయి. మన దేశంలో మహీంద్రావాళ్ళు ఎంతోకాలం చేసిన జీపుకైతే బానెట్టే ఎత్తుగా ఉంటుంది. కాబట్టి చూపుతోనే సగం తేలిపోతుంది. కానీ సగమే. ఎందుకంటే జాలీ మార్చవచ్చు. లైట్లు మార్చవచ్చు. బానెట్ మార్చవచ్చు. అందుకే మన మొదటి సూత్రం గుర్తుపెట్టుకోండి. ఊడేదాన్ని నమ్మకండి, ఊడనిదాన్ని అడగండి.

జీపులో ఊడనిది ఏది? చాసిస్ ఫ్రేము. యుద్ధకాలంలో జీపును రెండు కంపెనీలు పెద్ద ఎత్తున తయారుచేశాయి. ఒకటి విల్లిస్, రెండోది ఫోర్డ్. రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా చేశాయి. ఒకదాని విడిభాగం ఇంకోదానికి సరిపోవాలన్నది సైన్యం షరతు. అందుకని పైపైన రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. కానీ నేలమీద కూర్చుని ముందు బంపర్ వెనక్కి తొంగిచూడండి. రేడియేటర్ కింద రెండు ఫ్రేము కమ్ములను కలిపే అడ్డకమ్మి ఒకటుంటుంది. అది గుండ్రటి గొట్టమైతే విల్లిస్. తిరగేసిన దోనెలా పలకగా ఉంటే ఫోర్డ్. నంబరు ఉండే చోటు కూడా వేరు. విల్లిస్‌కు ఎడమ ఫ్రేము లోపలి వైపు, బంపర్ వెనకాల, చిన్న పలక మీద రివెట్లు కొట్టి పెట్టారు. ఫోర్డ్‌కు ఎడమ ఫ్రేము పైభాగంలో, ఇనుములోకే గుద్దారు. ఫోర్డ్ వాళ్ళకు ఇంకో అలవాటుంది. తాము చేసిన చిన్న చిన్న భాగాల మీద, చివరికి బోల్టు తల మీద కూడా, ఎఫ్ అనే అక్షరం వేశారు. కాస్త నూనెగుడ్డతో మడ్డి తుడిచి ఒక బోల్టు తల చూడండి. ఎనభై ఏళ్ళ కిందటి ఫ్యాక్టరీ సంతకం చేసినట్టు ఆ ఒక్క అక్షరం కనిపిస్తుంది. ఇక బానెట్ రెండు పక్కలా సైన్యం రిజిస్ట్రేషన్ నంబరు రాసేవారు. పైన పది పొరల రంగు పడి ఉన్నా, తడిపిన సన్నటి గరుకు కాగితంతో ఓపిగ్గా, పొరపొరగా తీస్తూ పోతే ఒక్కోసారి ఆ అంకెలు నీడలా బయటికొస్తాయి. తొందరపడి మొత్తం గీకేస్తే మాత్రం ఆ సాక్ష్యం పొడిగా రాలిపోతుంది. మళ్ళీ రాదు.

ట్యాంకు దగ్గరా ఇదే సూత్రం. ట్యాంకు పైన తిరిగే బురుజు ఉంటుంది కదా, ఫిరంగి ఉండేది. అది చూడగానే కంటికి ఆనుతుంది. కానీ క్రేను పెట్టి ఎత్తేసి ఇంకో ట్యాంకు మీద పెట్టవచ్చు. యుద్ధంలోనే పెట్టారు. ఫిరంగి కూడా మార్చేవారు. కాబట్టి అడగాల్సింది కింది ఒంటిని. అమెరికా షెర్మన్ ట్యాంకు విషయంలో వెనక కింది భాగంలో, లాగడానికి గొలుసు తగిలించే దళసరి కొక్కేలుంటాయి. సీరియల్ నంబరు అక్కడ గుద్ది ఉంటుంది. దీనికి కోబ్రా కింగ్ కథ కంటే మంచి సాక్ష్యం లేదు. 1944 డిసెంబరు 26న బెల్జియంలో బాస్టోన్ పట్టణం జర్మన్ల ముట్టడిలో ఉంది. ఆ ముట్టడిని ఛేదించి లోపలి సైనికులను మొదట చేరుకున్న ట్యాంకు కోబ్రా కింగ్. సిబ్బంది దాని పక్కన నిలబడి ఫొటో దిగారు. అంత పేరున్న ట్యాంకు తరువాత ఏమైంది? మరుగునపడింది. జర్మనీలోని విల్జెక్ అనే చోట, అమెరికా సైనిక స్థావరంలో, ఆరుబయట అలంకారంగా ఒక పాత ట్యాంకు నిలబెట్టారు. వానకు తడిసి, ఎండకు ఎండి దశాబ్దాలు అక్కడే ఉంది. దాని పక్కనుంచి ఎన్ని వందలమంది నడిచి వెళ్ళి ఉంటారో! చివరికి సైన్యంలో పనిచేసే ఒక మతగురువుకు అనుమానం వచ్చింది. చరిత్రకారులు తోడయ్యారు. నంబర్లు చూశారు, పాత రికార్డులతో సరిచూశారు. అదే కోబ్రా కింగ్ అని తేలింది. బాస్టోన్‌లో ఉన్నప్పటి ఫిరంగి దాని మీద లేదు, మధ్యలో మార్చారు. లోపల కాలిపోయి ఉంది. అంటే బాస్టోన్ తరువాత కూడా అది పోరాడింది, దెబ్బ తింది. ఫిరంగి మారింది. రంగు మారింది. దేశం మారింది. నంబరు మారలేదు. 2009లో దాన్ని అమెరికాకు తీసుకెళ్ళారు. ఇప్పుడు వర్జీనియాలో, అమెరికా సైన్యపు జాతీయ మ్యూజియంలో ఉంది.

అయితే ఇక్కడొక హెచ్చరిక చెప్పాలి. నంబరు ఒక ప్రశ్నకే జవాబిస్తుంది. నువ్వెవరు అనే ప్రశ్నకు. నీకేం జరిగింది అని అడిగితే నంబరు పలకదు. ఇంగ్లండులో బోవింగ్టన్ అనే చోట పేరుమోసిన ట్యాంకు మ్యూజియం ఉంది. అక్కడ టైగర్ 131 అని ఒక జర్మన్ ట్యాంకు ఉంది. 1943 ఏప్రిల్‌లో ట్యునీసియాలో బ్రిటిష్ సైన్యానికి చిక్కింది. అది ఏ ట్యాంకు అన్నదాంట్లో ఎవరికీ సందేహం లేదు. కానీ ఎక్కడ చిక్కింది, ఏ రోజు చిక్కింది, ఎవరికి చిక్కింది అన్నదాంట్లో దశాబ్దాలపాటు ఒక కథ చెప్పుకున్నారు. ఏప్రిల్ 21న, జెబెల్ జాఫా అనే కొండ దగ్గర అని. ఆ కథ పుస్తకాల్లోకి ఎక్కింది. పుస్తకాల్లోంచి బోర్డుల మీదికి ఎక్కింది. చివరికి ఆ రోజుల్లో పోరాడిన ఒక సైనికుడి కొడుకు, ఇది మా నాన్న చెప్పినదానితో కలవడం లేదే అని వెనక్కి వెతికాడు. వెతగ్గా వెతగ్గా తేలింది వేరు. రోజు ఏప్రిల్ 24. చోటు గేరియత్ ఎల్ అటాష్ అనే మరో గుట్ట. పట్టుకున్న దళం కూడా వేరు. మ్యూజియం ఆ దిద్దుబాటును ఒప్పుకుంది. చూశారా? ప్రపంచంలోకెల్లా పేరున్న ట్యాంకుల్లో ఒకటి, నిపుణుల సంరక్షణలో ఉన్నది. దాని కథలోనే అంత పెద్ద తప్పు అన్నేళ్ళు నిలిచింది. ఇక నలుగురి చేతులు మారి, ఏ కాగితమూ లేకుండా ఎవరి షెడ్డులోనో ఉన్న బండి గురించి చెప్పే కథను ఎంతవరకు నమ్మాలి? విని దాచుకోవాలి, కానీ రుజువయ్యేదాకా కథ అనే పిలవాలి. నంబరు వేరు, కథ వేరు. రెంటికీ విడివిడిగా సాక్ష్యం కావాలి.

ఇప్పుడు ప్రైవేటు సేకరణల సంగతికి వద్దాం. మనం ఇల్లు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం కదా. అమ్మేవాడి పేరున ఉన్న కాగితం ఒక్కటే చాలదంటాం. ఆయనకు ఎవరు అమ్మారు, వాళ్ళకు ఎవరి నుంచి వచ్చింది, మధ్యలో గొలుసు తెగిందా అని ముప్పై ఏళ్ళ వెనక్కి చూపించమంటాం. పాత సైనిక వాహనానికీ అలాంటి గొలుసు ఉంటుంది. ఫ్యాక్టరీ ఒక లింకు. సైన్యం ఒక లింకు. యుద్ధం తరువాత మిలిటరీవాళ్ళు డిస్పోజల్ కింద అమ్మినప్పుడు కొన్న వర్తకుడు ఒక లింకు. సేకరించిన ఆయన ఒక లింకు. ఈ చివరి లింకే చాలాసార్లు తెగేది. ఎందుకంటే ఫలానా జీపు ఎక్కడ కొన్నాను, అప్పుడు దాని రంగు ఏమిటి, ఏ భాగం ఎక్కడి నుంచి తెచ్చి పెట్టాను అన్న వివరాలు చాలావరకు సేకరించిన మనిషి తలలో ఉంటాయి. మనిషి పోతే తలా పోతుంది. అందుకే వేలం కేటలాగు కూడా విలువైన పత్రమేనంటాను. అది అమ్మకం కోసం వేసిన పుస్తకమే, కాదనను. అందులో పొగడ్తలుంటాయి. వాటిని పక్కన పెట్టండి. ఫలానా తేదీన ఫలానా వాహనం ఫలానా రూపంలో ఫలానా చోట ఉందని ఫొటోతో సహా చెప్పే సాక్షి అది. పదేళ్ళ తరువాత వేరే రంగుతో, వేరే కథతో ఎక్కడైనా ఒక వాహనం కనిపిస్తే, ఆ ఫొటోలోని సొట్ట, వెల్డింగు మచ్చ, బోల్టులేని కన్నం దీనిలోనూ ఉన్నాయేమో పోల్చవచ్చు. మనిషికి పుట్టుమచ్చలెలాగో ఇనుముకు అవి అలాగ.

ఇక్కడ కొందరు ఒక గట్టి అభ్యంతరం చెబుతారు. ఇన్ని భాగాలు మారిపోయాక ఇంకా అసలుది అనడంలో అర్థమేముంది అంటారు. న్యాయమైన ప్రశ్నే. యుద్ధం తరువాత ఫ్రెంచి సైన్యం తన వర్క్‌షాపులో జీపులను పూర్తిగా విప్పేసి, విల్లిస్ భాగాలు, ఫోర్డ్ భాగాలు కలగలిపి మళ్ళీ బిగించింది. దానిది ఏ కులగోత్రమని చెప్పాలి? నదిలో మునిగి తేలిన పాంథర్‌కు కొత్త భాగాలు వేయకుండా కుదురుతుందా? కానీ మన ఊరి గుడి రథం గురించి ఆలోచించండి. చక్రాలు చీకిపోతే కొత్తవి వేస్తాం. ఇరుసు మారుస్తాం. పగ్గాలు ఏటా మారతాయి. అయినా అది అదే రథం. ఎందుకంటే ఏ ఏడు ఏది మార్చామో ఊరికి తెలుసు. ఎవరూ దాచలేదు. ఎవరో పట్నంలో కొత్త రథం చేయించి, ఇదే మీ పాత రథమని తెచ్చి నిలబెడితే ఒప్పుకుంటామా? మార్చడంలో తప్పు లేదు. మార్చింది దాచడంలో తప్పుంది. 1950, 60 దశకాల్లో ఫ్రాన్స్‌లో హాచ్‌కిస్ కంపెనీ లైసెన్సు మీద చేసిన జీపుంది. మంచి బండి. దాన్ని హాచ్‌కిస్ అని చెప్పి అమ్మితే గౌరవం. యుద్ధంలో పనిచేసిన జీపని చెప్పి అమ్మితే మోసం. బండి అదే. మాట మారింది, అంతే. నంబరు పలకల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అచ్చం పాతవాటిలా ఉండే కొత్త పలకలు ఈరోజు డబ్బు పెడితే దొరుకుతాయి. పలకంటే నాలుగు రివెట్లు. ఊడుతుంది. ఊడేదాన్ని ఒంటరిగా నమ్మకండి. ఫ్రేము, ఇంజన్, బాడీ, రంగు పొరలు, కాగితం, ఇవన్నీ ఒకే మాట చెబుతున్నాయా చూడండి. ఒక్క సాక్షి మాట మీద పంచాయతీలో కూడా తీర్పు చెప్పరు.

రెండో అభ్యంతరం ఇంకోలా వస్తుంది. వెతికితే ఉన్న విలువ పోతుందేమో, తెలియకపోవడమే మేలు కదా అంటారు. నిజమే, ఒక్కోసారి వెతుకులాట గొప్ప కథను చంపుతుంది. జనరల్‌గారు ఎక్కిన జీపు అనుకున్నది రేవులో సామాను మోసిన జీపని తేలవచ్చు. కానీ సామాను మోసిన జీపుకు చరిత్ర లేదని ఎవరన్నారు? సైన్యం నడిచేదే ఆ బరువుల మీద. ఇక మూడో మాట. యుద్ధ యంత్రాల కోసం ఇంత శ్రమా, ఇది యుద్ధాన్ని కీర్తించడం కాదా? కథలు అల్లి, కొత్త రంగు పూసి నిలబెడితే కీర్తించడమే. నిజం వెతికితే కాదు. కోబ్రా కింగ్‌కు విజయం రోజున తీసిన ఫొటో ఒక్కటే మిగిలి ఉంటే అది పండగ ట్యాంకుగా ఉండిపోయేది. కాలిపోయిన దాని లోపలి గోడలు కూడా సాక్ష్యం చెప్పాయి కాబట్టి, యుద్ధం ఖరీదు ఏమిటో కూడా దాన్ని చూస్తే అర్థమవుతుంది. నిజమైన చరిత్ర ఎప్పుడూ గర్వాన్ని కాస్త తగ్గిస్తుంది. అది నష్టం కాదు, మేలు.

కాబట్టి శ్రోతలారా, మొదట చెప్పిన మాటే మళ్ళీ చెబుతాను. ఊడేదాన్ని నమ్మకండి, ఊడనిదాన్ని అడగండి. నంబరును కథతో కలిపి చెప్పకండి, విడివిడిగా రుజువు చూడండి. వాహనంతోపాటు దాని లింకు కాగితాలనూ దాచండి. మీ ఊళ్ళోనో, మీ బంధువుల తోటలోనో ఒక పాత డిస్పోజల్ జీపు చింతచెట్టు కింద తుప్పు పడుతూ ఉండవచ్చు. రేపో మాపో తుక్కు కొట్టువాడు రావచ్చు, లేదా పెయింటరు రావచ్చు. వాళ్ళిద్దరికంటే ముందు మీరు వెళ్ళండి. నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఫ్రేము మీద మట్టి తుడిచి, కాగితం అదిమిపెట్టి, పెన్సిల్‌తో రుద్దండి. ఆ కాగితం వెనక తేదీ వేయండి. ఇది ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నదో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి నాలుగు మాటలు రాయండి. సి బుక్కుతో కలిపి ఒక కవరులో పెట్టండి. రూపాయి ఖర్చు లేదు, అరగంట పని. జీపు ఎవరికి అమ్మినా, ఆ కవరు కూడా దానితోపాటే ఇవ్వండి.